టియాగో కొనాలనుంది, కంపెనీ పరిస్థితి చూస్తే టెన్షన్‌గా ఉంది

మునేరు_మాస్టారు | 2 ఫిబ్రవరి 2020

అందరికీ నమస్కారం. నందిగామ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. పన్నెండేళ్లుగా బైకు మీదే బడికి వెళ్లి వస్తున్నాను. పోను 28 కిలోమీటర్లు, రాను 28. అందులో ఎక్కువ భాగం హైదరాబాద్–విజయవాడ హైవే. మొన్న నవంబరులో మంచు పట్టిన పొద్దున ఒక లారీ నా హ్యాండిల్‌ని రాసుకుంటూ పోయింది. దెబ్బ తగల్లేదు గానీ, ఆ రోజు నుంచి మా ఆవిడ నేను బడి చేరి ఫోన్ చేసేదాకా పొయ్యి దగ్గర నిలబడలేకపోతోంది. ఇక కారు తప్పదనుకున్నాం.

రోడ్డెక్కేసరికి ఏడు లక్షలు దాటకూడదు. ఇంట్లో మేమిద్దరం, నాలుగేళ్ల పాప, మోకాళ్ల నొప్పులతో అమ్మ. పోయిన నెల వచ్చిన టాటా వాళ్ల కొత్త టియాగో చూశాను. తలుపు వేస్తే బీరువా తలుపు పడ్డట్టు నిండుగా పడింది. కార్లను గుద్దించి భద్రతకు స్టార్లిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దవాళ్లకు 4 స్టార్లు, పిల్లలకు 3 వచ్చాయని చదివాక మనసు అటే లాగుతోంది.

కానీ ఎవరిని అడిగినా వద్దంటున్నారు. మా మామగారైతే "టాటానా? అది ట్రావెల్స్ వాళ్ల బండి కదయ్యా" అన్నారు. స్టాఫ్‌రూమ్‌లో ఇంకో మాట. కిందటి ఏడాది టాటా మోటార్స్‌కి ఒక్క మూడు నెలల్లోనే 27 వేల కోట్ల నష్టం వచ్చిందట, కార్ల వ్యాపారం ఎప్పుడు ఎత్తేస్తారో తెలియదట. పదేళ్లు వాడదామని కొంటున్న బండి. మూడో ఏడు కంపెనీ మూతపడితే స్పేర్ పార్ట్ ఎవరిస్తారు? ఇది నా ఒక్కడి జీతంతో, అయిదేళ్ల లోనుతో కొంటున్న కారు. పెద్ద మనసుతో సలహా ఇవ్వండి.

సీమ_చక్రం | 2 ఫిబ్రవరి 2020

మాస్టారూ, కర్నూలు నుంచి రాస్తున్నాను. నా మాట సూటిగా చెబుతాను: వాగన్ఆర్ తీసుకోండి. దేశంలో అమ్ముడయ్యే కార్లలో దాదాపు సగం మారుతివే. టాటా వాటా నూటికి అయిదు దగ్గర కొట్టుమిట్టాడుతోంది. ఎక్కువ అమ్ముడయ్యే బండికి మెకానిక్ ఎక్కువ, పార్ట్ ఎక్కువ, తిరిగి అమ్మితే ధర ఎక్కువ. పైగా మీ అమ్మగారికి మోకాళ్ల నొప్పులంటున్నారు. వాగన్ఆర్ సీటు ఎత్తుగా ఉంటుంది, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు. 1.2 ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లు, మెత్తగా నడుస్తుంది. టియాగోది మూడు సిలిండర్ల ఇంజిన్.

స్టార్ల సంగతి కూడా చెప్పనివ్వండి. వాగన్ఆర్‌కి కిందటి అక్టోబరులో 2 స్టార్లు వచ్చిన మాట నిజమే. అయితే వాళ్లు పరీక్షించింది ఒక్క ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిని. రెండున్న వేరియంట్ తీసుకోండి.

లెక్కల_చిట్టి | 3 ఫిబ్రవరి 2020

మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఆ 27 వేల కోట్ల లెక్క ముందు విప్పి చూద్దాం. ఆ వార్త విన్న ప్రతివాళ్లూ గల్లాపెట్టెలోంచి 27 వేల కోట్లు పోయాయనే అనుకుంటున్నారు.

అది 2018 అక్టోబరు–డిసెంబరు త్రైమాసికం. 2008లో టాటాలు కొన్న జాగ్వార్ ల్యాండ్ రోవర్‌కి చైనాలో అమ్మకాలు పడిపోయాయి, డీజిల్ కార్లకు యూరప్‌లో గిరాకీ తగ్గింది. దాంతో ఆ కంపెనీ ఆస్తుల విలువను పుస్తకాల్లో 310 కోట్ల పౌండ్లు తగ్గించి రాసుకున్నారు. నష్టంలో సింహభాగం అదే. మీ ఊళ్లో అయిదెకరాలు ఎకరం 50 లక్షల చొప్పున కొన్నారనుకోండి, ఇప్పుడు 30 కూడా పలకదని తెలిసి కాగితం మీద విలువ తగ్గించి రాసుకున్నారు. ఆ రోజు జేబులోంచి రూపాయి పోదు. అలాగని మంచి వార్త కాదు, కొన్నప్పుడు వేసిన అంచనా తప్పిందని ఒప్పుకోవడమే.

అసలు బెంగ పెట్టుకోవలసింది ఇంకో చోట ఉంది. ఇక్కడి ప్యాసింజర్ కార్ల విభాగం ఏళ్లుగా డబ్బు సంపాదించడం లేదు. లారీలు, బస్సులే దాన్ని మోస్తున్నాయి. ఇప్పుడు ఆ లారీల మార్కెట్టూ పడిపోయింది. కాబట్టి మీ స్టాఫ్‌రూమ్ భయం ఉత్తిది కాదు.

రెండో వైపు: కిందటి అక్టోబరులో కంపెనీ 10 వేల కోట్లు సమీకరిస్తామని ప్రకటించింది. అందులో 6,500 కోట్లు టాటాల మాతృ సంస్థ టాటా సన్సే వాటాల రూపంలో పెడుతోంది. మూసేద్దామనుకున్న దుకాణంలో యజమాని అంత సొమ్ము పెట్టడు. ఆల్ట్రోజ్ ఇప్పుడే వచ్చింది, నెక్సాన్ ఎలక్ట్రిక్ పోయిన వారమే వచ్చింది. రాబోయే మూడు నాలుగేళ్లలో ఈ కంపెనీ కార్లు మానేస్తుందని నేను అనుకోను. పదేళ్ల మాట నేనివ్వలేను, ఏ కంపెనీకీ ఇవ్వలేను.

ట్రాయ్_తెలుగు | 3 ఫిబ్రవరి 2020

డెట్రాయిట్ పక్క ఊరు ట్రాయ్‌లో ఉంటాను. మీ ప్రశ్న చదివితే 2009 గుర్తొచ్చింది. ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కాయి. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి అన్నం పెట్టేవి ఆ కంపెనీలూ, వాటికి పార్టులు చేసేవీనే. మా అపార్ట్‌మెంట్లలో ఆ వేసవంతా రాత్రిళ్లు మెట్ల మీద కూర్చుని ఇదే మాట.

అప్పుడే నాకూ ఒక చిన్న కారు అవసరమైంది. పాంటియాక్ వైబ్ బాగా చవగ్గా వస్తోంది, ఎందుకంటే పాంటియాక్ అనే బ్రాండునే ఎత్తేస్తున్నట్టు జీఎం ఆ ఏప్రిల్‌లోనే ప్రకటించింది. అందరూ వద్దన్నారు. నేను ఒక్కటే చూశాను. వైబ్, టొయోటా మాట్రిక్స్ కవల పిల్లలు. రెండు కంపెనీలూ కలిసి చేసిన బండి. పేరు పోయినా పార్టు పోదని కొన్నాను. అంతకుముందే, ఆ మార్చిలో, దివాలా తీసినా వారంటీకి పూచీ తనదని ఇక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఎనిమిదేళ్లు నడిపాను. బ్రాండు చచ్చిపోయిన కారుకి ఒక్కసారి కూడా పార్టు కోసం వెతుక్కోలేదు.

అందుకని మీరు చూడాల్సింది ఈ టియాగో పార్టులు ఇంకే బండ్లకు సరిపోతాయన్నది. నాకు తెలిసి టియాగో, టిగోర్ ఒకే చట్రం. ఆ 1199 సీసీ పెట్రోలు ఇంజినే ఆల్ట్రోజ్‌లోనూ పెట్టారు. ఒక మోడల్ ఆగినా ఆ ఇంజిన్‌కి పార్టులు చేస్తూనే ఉండాలి. ఇండియాలో ప్రభుత్వ పూచీ లాంటిది ఉండదు గనుక ఈ విషయం ఇంకా ముఖ్యం.

కొబ్బరితోట | 4 ఫిబ్రవరి 2020

అందరూ కంపెనీ మూతపడితే ఎలా అంటున్నారు. నాకు జరిగింది వేరు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఇవాళ్టికీ నిక్షేపంగా అమ్ముకుంటోంది. కానీ మా చుట్టుపక్కల ఉన్న ఒకే ఒక డీలరు ఒక సంక్రాంతి తర్వాత షట్టరు తియ్యలేదు. నా బండి అప్పటికి క్లచ్ పనికని లోపలే ఉంది. పదకొండు రోజులు ఆ గేటు ముందు తిరిగాను. వాచ్‌మన్‌కి జీతం రాలేదని అతనూ ఏడ్చాడు. బండి బయటికి తెచ్చుకున్నాక ప్రతి సర్వీసుకీ రాజమండ్రి పోవాల్సి వచ్చింది, పోనూ రానూ ఒక పూట.

కంపెనీ బాగుంది, లాభాల్లో ఉంది. నాకు ఒరిగిందేమీ లేదు. మాస్టారూ, ముంబైలో కంపెనీ ఎలా ఉందన్నది తర్వాత. మీ పక్క ఊళ్లో డీలరు ఎలా ఉన్నాడో ముందు చూడండి.

ఆటోనగర్_బాబాయి | 4 ఫిబ్రవరి 2020

కొబ్బరితోట తమ్ముడి మాటే నా మాట. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా రెంచి పట్టుకున్నాను. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇవాళ్టికీ నా దగ్గరకొచ్చే అంబాసిడర్లున్నాయి, ఏదో ఒక షాపులో సామాను దొరుకుతుంది. ఇండికా 2018లో ఆపేశారు. దానికైతే సామాను కుప్పలు. ట్రావెల్స్ బండి అని మీ మామగారు చులకనగా అన్నారు గానీ, ట్యాక్సీగా తిరిగిన బండికే బయట మార్కెట్లో పార్టు బాగా దొరుకుతుంది. రోజుకి మూడు వందల కిలోమీటర్లు తిరిగే డ్రైవరు పార్టు కోసం వారం ఆగడు కదా.

మీకో పని చెబుతాను. షోరూమ్ సేల్స్ కుర్రాణ్ని అడక్కండి. వెనక వర్క్‌షాప్‌లో స్పేర్ పార్ట్స్ కౌంటర్ ఉంటుంది, అక్కడికి వెళ్లండి. ఒక చీటీ మీద అయిదు పేర్లు రాసివ్వండి: ముందు బంపర్, హెడ్‌లైట్, ఎడమ వైపు అద్దం, క్లచ్ సెట్, ముందు సస్పెన్షన్ లింక్ రాడ్లు. ఒక్కోటి ఎంత, ఇప్పుడు స్టాకుందా, లేకపోతే ఎన్ని రోజులు అని అడగండి. బంపరు, లైటు, అద్దం గుద్దుకుంటే పోయేవి. మిగతా రెండూ మన రోడ్ల మీద అరిగేవి. ఆ అయిదూ రెండు రోజుల్లో దొరికితే బండి కొనుక్కోండి. కౌంటర్లో మనిషి కంప్యూటర్ చూడకుండా "అన్నీ ఉంటాయి సార్" అంటే మాత్రం నమ్మకండి.

ఇంకోటి. శనివారం మధ్యాహ్నం వెళ్లండి, రద్దీగా ఉంటుంది. సర్వీసుకిచ్చిన బండి తీసుకెళ్లడానికి నిలబడ్డవాళ్లతో మాట్లాడండి. కొత్త బండి వాళ్లతో కాదు, మూడేళ్ల బండి వాళ్లతో.

పాతబండి_గుంటూరు | 5 ఫిబ్రవరి 2020

సెకండ్ హ్యాండ్ కార్ల వ్యాపారం చేస్తాను. రీసేల్ గురించి సీమ_చక్రం గారు చెప్పింది నిజం. ఒకే ఏడాది, ఒకే కిలోమీటర్లు తిరిగిన టియాగో, వాగన్ఆర్ నా దగ్గర పక్కపక్కనే నిలబడితే వాగన్ఆర్ ముందు పోతుంది. టియాగోకి బేరం ఎక్కువ ఆడతారు. మూడేళ్లకే అమ్మేసేవాళ్లకి ఈ తేడా గట్టిగా తగులుతుంది.

కానీ మాస్టారు పదేళ్లంటున్నారు. పదేళ్ల చిన్న కారుకి ఏ కంపెనీ అయినా ధర పలికేది కండిషన్‌ని బట్టి. అప్పటికి తేడా మీరు ఇవాళ భయపడేంత ఉండదు. సర్వీసు బిల్లులన్నీ ఒక ఫైల్లో దాచుకోండి. నేను బండి కొనేటప్పుడు ముందు అడిగేది ఆ ఫైలే.

ఓరుగల్లు_రవళి | 5 ఫిబ్రవరి 2020

హన్మకొండలో బ్యాంకులో పనిచేస్తాను. నాది 2017 టియాగో పెట్రోల్, 41 వేల కిలోమీటర్లు అయింది. వాడుతున్నదాన్ని కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను, అన్నా.

స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో ఉంచితే మూడు సిలిండర్ల వణుకు స్టీరింగ్ మీద తెలుస్తుంది. కదిలాక తెలియదు. రెండో గేర్‌లో స్పీడ్ బ్రేకర్ దాటి వెంటనే లాగాలంటే కాస్త ఆలోచిస్తుంది. ఏసీ వేసి నలుగురితో ఘాట్ ఎక్కితే గేర్ తగ్గించక తప్పదు. మైలేజీ నా బండికి కంపెనీ చెప్పింది 23.84. నాకు ఊళ్లో 14–15, హైవే మీద 80లో పోతే 19 వస్తుంది. ఇవి చూసుకునే దిగాలి.

ఇక హైవే మీద గంటకి 90లో పోతున్నప్పుడు బండి నేలను పట్టుకున్నట్టుంటుంది. పక్క నుంచి ఆర్టీసీ బస్సు దాటినా గాలికి ఊగదు. వరంగల్–హైదరాబాద్ నెలకి రెండుసార్లు ఒక్కదాన్నే నడుపుకుంటూ పోతాను, ఎదురుగా హైబీమ్ వేసుకొచ్చే లారీ కనిపించినా ఇదివరకటిలా గుండె దడదడలాడదు. స్టార్ల గురించి నాకు ఎక్కువ తెలియదు. ఈ ధైర్యం మాత్రం నా రోజువారీ అనుభవం.

లెక్కల_చిట్టి | 5 ఫిబ్రవరి 2020

స్టార్ల గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే జనం వాటిని మార్కుల్లా చూస్తున్నారు. గ్లోబల్ ఎన్‌క్యాప్ బండిని గంటకి 64 కిలోమీటర్ల వేగంతో, ముందు భాగంలో ఒక పక్కగా గుద్దిస్తుంది. మన ప్రభుత్వ పరీక్షలో ఆ వేగం 56. అంతే తప్ప 100లో పోయి లారీ వెనక దూరితే కాపాడతామని 4 స్టార్లు చెప్పవు. బెల్టు పెట్టుకోకపోతే ఆ స్టార్లు మీవి కావు. ముఖ్యంగా వెనక సీట్లో అమ్మగారూ, పాపా. పాపకి చైల్డ్ సీటు ఖర్చు బడ్జెట్లో ఇప్పుడే కలుపుకోండి.

ఖర్చు విషయానికొస్తే, అయిదు లక్షల ఎక్స్‌షోరూమ్ ధర మీద 12 శాతం లైఫ్ ట్యాక్స్ అంటే 60 వేలు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మూడేళ్లకి ఒకేసారి కట్టాలి. కొత్త టియాగో 4.60 లక్షల నుంచి మొదలు. మధ్య వేరియంట్ మీ ఏడు లక్షల్లో వస్తుంది.

మునేరు_మాస్టారు | 9 ఫిబ్రవరి 2020

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. నిన్న శనివారం అమ్మని, పాపని, మా ఆవిడని తీసుకుని విజయవాడ వెళ్లాను. బాబాయి గారు చెప్పినట్టు ముందు వెనక కౌంటర్‌కే.

చీటీ తీసుకున్న మనిషికి యాభై ఏళ్లుంటాయి. నన్ను ఎగాదిగా చూసి "బండి ఏమైంది సార్, గట్టిగా తగిలిందా?" అన్నాడు. ఇంకా కొనలేదు, కొనాలా వద్దా అని తెలుసుకోవడానికొచ్చానన్నాను. కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో పేరూ కంప్యూటర్లో కొట్టి, చీటీ మీదే ధర రాస్తూ వచ్చాడు. లింక్ రాడ్లు, హెడ్‌లైట్ ఉన్నాయన్నాడు. లేచి వెళ్లి హెడ్‌లైట్ డబ్బా తెచ్చి చూపించాడు కూడా. అది పాత మోడల్‌ది, కొత్త దానికి లైటు మారింది, ఇంకా స్టాకు రాలేదు అని తనే చెప్పాడు. క్లచ్ సెట్ రేపు, అద్దం ఎల్లుండి, బంపరు రంగు వేసి ఇవ్వాలి గనుక నాలుగు రోజులు. లేని చోట లేదనే చెప్పాడు. నాకు అది నచ్చింది.

తర్వాత వాగన్ఆర్ కూడా చూశాం. సీమ_చక్రం గారూ, మీరన్నది అక్షరాలా నిజం. అమ్మ అందులో చక్కగా ఎక్కి కూర్చుంది. టియాగోలో మొదటిసారి తల తగిలింది. రెండోసారి ముందు సీటు బాగా వెనక్కి జరిపి, ముందు కూర్చుని ఆ తర్వాత కాళ్లు లోపలికి తీసుకోమన్నాం. ఇబ్బంది లేకుండా ఎక్కింది. దిగేటప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుంది.

ఇంకో చిక్కు వచ్చింది. పాత మోడల్ బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణాల) బండి ఒకటి స్టాకులో ఉందట, యాభై వేలు తగ్గిస్తామంటున్నారు. ఏం చెయ్యమంటారు?

ఆటోనగర్_బాబాయి | 9 ఫిబ్రవరి 2020

బీఎస్4 బండి అమ్మకం, రిజిస్ట్రేషన్ మార్చి 31తో ఆఖరు. సుప్రీంకోర్టు తీర్పు. టీఆర్ (తాత్కాలిక) నంబరుతో బయటికొచ్చి పర్మనెంట్ నంబరుకి ఆలస్యమైతే చిక్కుల్లో పడతారు. తీసుకుంటే ఫిబ్రవరిలోనే అన్నీ పూర్తి చేయించుకోవాలి. తయారైన నెల కూడా చూడండి, ఎండలో నెలల తరబడి నిలబడ్డ బండికి టైర్లు, బ్యాటరీ దెబ్బతింటాయి. పదేళ్లు వాడే మనిషికి నా సలహా కొత్త ప్రమాణాల బీఎస్6.

సీమ_చక్రం | 10 ఫిబ్రవరి 2020

బీఎస్6 అన్న మాటకు నేనూ ఓటేస్తాను. వాగన్ఆర్ విషయంలో నా అభిప్రాయం మారలేదు. అమ్మగారు రోజూ ఎక్కే పనైతే మళ్లీ ఆలోచించండి అని మాత్రం అంటాను. నెలకోసారైతే మీ ఇష్టం. రోజూ హైవే మీద పోయేది మీరు.

మునేరు_మాస్టారు | 16 ఫిబ్రవరి 2020

ఇంట్లో రెండు రాత్రులు చర్చ జరిగింది. చివరికి అమ్మే తేల్చింది. "నేను నెలకోసారి ఆసుపత్రికి ఎక్కుతాను. నువ్వు రోజూ ఆ లారీల మధ్య పోతావు. నీకు ఏది గట్టిదో అది కొనుక్కో" అంది. బీఎస్6 టియాగో, మధ్య వేరియంట్, బూడిద రంగు బుక్ చేశాను. కంపెనీ ఏమవుతుందోనన్న భయం పూర్తిగా పోలేదు. కానీ ఆ కౌంటర్ మనిషిని చూశాక, మూడేళ్లో నాలుగేళ్లో తర్వాత పార్టు కోసం ఎవరి ముందు నిలబడాలో నాకు తెలిసింది.

మునేరు_మాస్టారు | 12 ఏప్రిల్ 2020

మార్చి 4న బండి వచ్చింది. 400 కిలోమీటర్లు తిరిగేలోపే లాక్‌డౌన్. మూడు వారాలుగా వాకిట్లో గుడ్డ కప్పుకుని నిలబడి ఉంది. బ్యాటరీ ఏమైనా అవుతుందా? మొదటి సర్వీసు గడువు కూడా దాటేలా ఉంది.

ఆటోనగర్_బాబాయి | 12 ఏప్రిల్ 2020

వారానికోసారి స్టార్ట్ చేసి ఇరవై నిమిషాలు నడవనివ్వండి. ఊరికే అయిదు నిమిషాలు తిప్పి ఆపేస్తే బ్యాటరీ ఇంకా దిగుతుంది. హ్యాండ్‌బ్రేక్ వెయ్యకండి, గేర్‌లో వదిలి చక్రం కింద ఇటుక పెట్టండి. బండిని అప్పుడప్పుడు ఒక అడుగు ముందుకీ వెనక్కీ జరపండి, టైరు ఒకేచోట అణగదు. సర్వీసు గడువు కంపెనీలు పొడిగిస్తున్నాయి, కంగారు వద్దు. నా షాపు మూసి ఇరవై రోజులైంది. అందరూ జాగ్రత్తగా ఉండండి.

లెక్కల_చిట్టి | 6 జనవరి 2022

రెండేళ్ల నాటి ఈ చర్చని పైకి తెస్తున్నాను, మాస్టారి కోసం. పోయిన డిసెంబరు నెల అమ్మకాల్లో టాటా హ్యుందాయ్‌ని దాటి రెండో స్థానానికి వచ్చింది. 35,299 కార్లు. రెండేళ్ల కిందట నూటికి అయిదు దగ్గరుందని మనం లెక్కలేసిన కంపెనీ. మరోవైపు, సెప్టెంబరులో ఫోర్డ్ ఇండియాలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అప్పట్లో ఈ రెండింటిలో ఏది నిలుస్తుందని నన్ను అడిగితే ఏం చెప్పేవాణ్నో నాకే తెలియదు. మాస్టారూ, బండి ఎలా ఉంది?

మునేరు_మాస్టారు | 9 జనవరి 2022

చిట్టి గారూ, గుర్తుపెట్టుకున్నందుకు సంతోషం. బడులు చాలాకాలం మూసి ఉండటంతో తిరిగింది 19 వేలే. హైవే మీద 18 ఇస్తోంది. అమ్మ ఇప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండానే ఎక్కుతోంది, మోకాలి ఆపరేషన్ అయింది. ఆ ఆపరేషన్‌కి విజయవాడ తీసుకెళ్లిందీ, తెచ్చిందీ ఈ బండే. వచ్చేటప్పుడు ముందు సీటు పూర్తిగా వెనక్కి వాల్చి, కాలి కింద దిండు పెట్టి, 50 దాటకుండా వచ్చాను.

పోయిన నెల మా వీధి మలుపులో ఎదురొచ్చిన గేదె పక్కకి జరిగి ఎడమ వైపు అద్దాన్ని విరగ్గొట్టింది. బాబాయి గారి చీటీలో మూడో పేరు. అదే కౌంటర్, అదే మనిషి. ఫోన్ చేసిన మర్నాడు సాయంత్రానికి తెప్పించాడు.

ఆటోనగర్_బాబాయి | 9 జనవరి 2022

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. అద్దం బిగించాక తలుపు లోపల రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో ఒకసారి బకెట్టుతో నీళ్లు పోసి చూడండి. చాలాచోట్ల తొందరలో మడత పడేస్తారు. వానాకాలం వచ్చేదాకా తెలియదు.